చేతులెత్తితే కూర్చునే ఎలుగు

ఫుకుఓకా,
ఏప్రిల్ 9

తోకుజి మామయ్యకు రిత్సుకో నమస్కారాలు.

ఇక్కడ చెర్రీ పూలన్నీ రాలిపోయాయి, రోడ్డు ఊడ్చేవాళ్లు తిట్టుకుంటున్నారు. ఉత్తరం మొదట్లో రుతువు ముచ్చట రాయాలి కాబట్టి రాశాను. నువ్వు ఎలాగూ ఆ భాగం చదవవని సుమి అత్తయ్య చెప్పిందిలే.

అసలు సంగతి ఏమిటంటే, నాకు ఒక ఎలుగు కావాలి. నవ్వకు. మేం ఫోనులో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నాం. ఒక కొండ ఊరు ఉంటుంది. ఆడేవాళ్లు అందులో ఇల్లు కట్టుకుని, కొండలోని జంతువులతో చుట్టరికం కలుపుకోవాలి. జంతువుల బొమ్మలన్నీ నావే. కుందేలు కుదిరింది, నక్క కుదిరింది, ఎలుగు దగ్గర మాత్రం చతికిలపడ్డాను. పదకొండుసార్లు గీశాను. మా పెద్దాయన కుజే గారు నిన్న పదకొండోది చూసి, "అమ్మా, దీనికి ఎముకల్లేవు, దూది ఉంది. భయం వేయని ఎలుగు మీద ముద్దు కూడా పుట్టదు" అనేసి వెళ్లిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. జూన్ ఆఖరుకి ఎలుగు కుదరకపోతే ఆటే ఆపేస్తారట.

మా దీవిలో ఎలుగులు ఎప్పుడో అంతరించిపోయాయి. జూలో ఉన్నది నిద్రపోతూనే ఉంటుంది. నువ్వు చిన్నప్పటి నుంచీ వాటి వెంట తిరిగినవాడివి. అది ఎలా కూర్చుంటుంది? ఎలా తింటుంది? నువ్వు దానికి ఎదురుపడితే ఏం చేస్తావు? నీకు ఏది తోస్తే అది రాయి మామయ్యా. నీ కాళ్లు పట్టుకుంటాను.

నీ రిత్సుకో


నెమురిసావ,
ఏప్రిల్ 24

రిత్సుకోకు,

మంచు ఉంది. రుతువు ముచ్చట అయిపోయింది.

నలభై మూడేళ్లుగా వేటకు వెళ్తున్నాను. వేటాడిన ఎలుగు ఎంత తూగిందని అడిగారు గానీ అది ఎలా కూర్చుంటుందని అడిగినది నువ్వే. మీ అత్తయ్య ఒకటే నవ్వు.

మొన్న ఎదుటి చరియ మీద ఒక ఎలుగుని చూశాను. మగవాడు, నాలుగేళ్లుంటాయి. ఎడమ చెవి సగం లేదు. గుండె మీద తెల్ల చంద్రవంక మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంది. వాడు ఏం చేశాడనుకున్నావు? మిగిలిన మంచు మీద పిర్రలు ఆనించి కిందిదాకా జారాడు. మళ్లీ పైకెక్కి మళ్లీ జారాడు. ఐదుసార్లు. తిండి కోసం కాదు, ఊరికే. తుపాకీ భుజాన ఉంచుకునే నవ్వుకుంటూ కూర్చున్నాను. ఈ సంగతి మా వేట గుంపులో ఎవరికీ తెలియనివ్వకు, పరువు పోతుంది.

తినేటప్పుడు కాళ్లు ముందుకు చాపుకుని కూర్చుంటాడు, మీ అత్తయ్య చిక్కుళ్లు ఒలిచేటప్పుడు కూర్చున్నట్టు. గోళ్లు లోపలికి ముడుచుకోవు. రాళ్ల మీద నడుస్తుంటే టకటకమని వినిపిస్తుంది. ఆ చప్పుడు బొమ్మలో పెట్టగలవేమో చూడు.

ఎదురుపడితే ఏం చేస్తానన్నావు. పరుగెత్తను. కళ్లలోకి చూడను. రెండు చేతులూ నెమ్మదిగా తల మీదికి ఎత్తుతాను, దానికంటే నేనే పెద్దవాణ్ణని తోచాలి. చిన్నగా మాట్లాడుతూ వెనక్కి నడుస్తాను. చాలాసార్లు అదే తొలగిపోతుంది. ఇది నీ ఆటకోసం చెప్పలేదు. ఎప్పుడైనా ఇక్కడికొస్తే ప్రాణం దక్కించుకోవడానికి చెప్పాను.

ఇంకోమాట. బొమ్మ గీసుకో, పేరు మాత్రం పెట్టకు. మా వేటగాళ్లు ఏ ఎలుగుకీ పేరు పెట్టరు. అది కొండదేవత సొత్తు. కొండెక్కాక "ఎలుగు" అనే మాట కూడా అనం. అక్కడ దానికి వేరే మాట ఉంది, ఇంట్లో కూర్చుని కాగితం మీద రాసేది కాదు.

అత్తయ్య పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ పంపుతోంది. ఒక్కసారే తినేయకు.

తోకుజి


ఫుకుఓకా,
జూన్ 30

మామయ్యా!

గెలిచాం! నువ్వూ నేనూ కలిసి గెలిచాం. సగం చెవీ, తెగిన చంద్రవంకా నువ్వు రాసినట్టే గీశాను. ఈ రోజు గదిలో పదహారుమంది కూర్చుని చూశారు. వాడు మంచు మీద జారుతుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. ఆఖర్న చీకటి తెర మీద గోళ్ల టకటక ఒక్కటే వినిపించింది. ఒక్కరు కదిలితే ఒట్టు. కుజే గారు కాఫీ కప్పు కింద పెట్టేసి, "ఇది బతికే ఉందమ్మా" అన్నారు. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాను.

ఊరు కూడా మీ ఊరే గీశాను. ఊగే ఎర్ర వంతెన, మూసేసిన బడి, మీ చూరు కింద ముల్లంగి వరసలు అన్నీ ఉన్నాయి. పేరు మాత్రం మార్చాను. అత్తయ్యలాంటి ఆవిడ కూడా ఒకావిడ ఉంది, అచ్చం అత్తయ్యలాగే నడుం మీద చెయ్యి వేసుకుని అరుస్తుంది.

తిట్టకు మామయ్యా. పేరు పెట్టక తప్పలేదు. పేరు లేకపోతే పిల్లలు పిలవరు. మోకుబే అని పెట్టాం.

రిత్సుకో


నెమురిసావ,
జూలై 16

రిత్సుకోకు,

పెట్టావన్నమాట. పెట్టొద్దని రాసిన ఉత్తరంలోంచే చెవీ చంద్రవంకా గోళ్లూ తీసుకున్నావు, ఆ ఒక్క ముక్కా వదిలేశావు.

మోకుబే అని సుకేజోకి చెప్పడం నాదే బుద్ధి తక్కువ. మా గుంపులో వాడి నోటికి తాళం లేదని తెలుసు. వెదురు మొలకలకని నలుగురం కొండెక్కాం. ఆ తెగిన చెవివాడు దూరంగా కనబడగానే, "అదుగో మోకుబే!" అని అరిచాడు. ఊళ్లో పెట్టిన పేరుతో కొండ మీద పిలిచాడు. బుట్టలు వంచేసి దిగొచ్చి మైల పోవాలని ఏట్లో చన్నీళ్లు పోసుకున్నాం. సుకేజో ఏడు బిందెలు పోసుకుని వణుకుతూ, "మీ మేనకోడలి మూలానే" అన్నాడు.

అత్తయ్య మాత్రం నీ ఉత్తరం ఊరంతా చదివి వినిపించింది. ఆటలో తను ఉన్నందుకు పొంగిపోతోంది. నా మీద అరవడమే మానేసింది, ఆటవాళ్లెవరో చూస్తున్నారని చెప్పి.

తోకుజి


ఫుకుఓకా,
మరుసటి ఏడు, మే 11

మామయ్యకు, అత్తయ్యకు,

ఆట బయటికొచ్చి రెండు నెలలు. ఆరు లక్షలమంది ఆడుతున్నారట! రైల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోనులో మోకుబేకి పూర్ణం బన్ను తినిపిస్తోంది. ఆ బొమ్మ గీసింది నేనేనండీ అని గట్టిగా అరవాలనిపించింది. నోరు మూసుకుని కూర్చున్నాను.

పెట్టెలో మోకుబే తువాళ్లు నాలుగు, మా ఊరి కారం చేపగుడ్లు పంపుతున్నాను. నీ గుంపులో తలా ఒక తువాలు ఇవ్వు, సుకేజో గారి కోపం చల్లారుతుంది.

మీ ఎర్ర వంతెనని ఎవరో గుర్తుపట్టారట. నెమురిసావకి ఎలా వెళ్లాలో దారి కూడా వేసి పెట్టారు. భలే కదూ?

రిత్సుకో


నెమురిసావ,
జూన్ 20

రిత్సుకోకు,

వస్తున్నారు. ఆదివారం రెండు బస్సులు వచ్చాయి. సత్రం నరితా పదేళ్ల తర్వాత మేడమీద గదులు తీశాడు. నీకు గుడి కట్టిస్తానంటున్నాడు. అత్తయ్య ఊరగాయ జాడీలు మూడు ఖాళీ. వచ్చినవాళ్లంతా, "ఏదీ, ఒక్కసారి మమ్మల్ని తిట్టండి" అని అడుగుతున్నారట, ఈవిడ తిడుతోందట, వాళ్లు చప్పట్లు కొడుతున్నారట. ఊరు మనుషులతో నిండితే నాకూ బాగానే ఉంది, అబద్ధమెందుకు.

ఒక్క సంగతి అర్థం కాలేదు. నిన్న వంతెన మీద ఒక అమ్మాయి కొండకేసి తిరిగి రెండు చేతులూ తల మీదికి ఎత్తి నిలబడింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్లూ అంతే. "ఏంటమ్మా అది?" అన్నాను. "మోకుబేని పిలుస్తున్నాం తాతా, చేతులెత్తితే వచ్చి కూర్చుంటాడు కదా" అంది. భుజాన పూర్ణం బన్నుల సంచి ఉంది.

ఆ చేతులెత్తడం ఏమిటి? రాయి.

తోకుజి


ఫుకుఓకా,
జూలై 1

మామయ్యా,

కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలోని ఆ నిలబడే తీరు నాకు చాలా నచ్చింది. మనిషి చేతులెత్తితే ఎలుగు తొలగిపోతుంది అన్నావు కదా. ఆటలో తొలగిపోతే ఏం బాగుంటుంది? అందుకని ఆగి, కూర్చుంటాడు. అప్పుడు బన్ను పెడితే చుట్టరికం కుదురుతుంది. అందరికీ అదే ఇష్టం. పిల్లలు బళ్లో కూడా అలాగే పలకరించుకుంటున్నారట.

ఆటే కదా మామయ్యా. నిజం ఎలుగుకీ బొమ్మ ఎలుగుకీ తేడా ఎవరికి తెలియదు? ఆ అమ్మాయి సరదాకి చేసి ఉంటుంది.

రిత్సుకో


నెమురిసావ,
ఆగస్టు 27

రిత్సుకోకు,

ఇది కూర్చుని చదువు.

మొన్న మధ్యాహ్నం వంతెన కింద రేవులో ఎనిమిదిమంది చేతులెత్తి నిలబడ్డారు. అవతలి ఒడ్డున తెగిన చెవివాడు బయటికొచ్చి కూర్చున్నాడు, కాళ్లు చాపుకుని. వాళ్లు ఇవతల నుంచి బన్నులు విసిరారు. తిన్నాడు. ఇంకా చేతులెత్తారు, ఇంకా కూర్చున్నాడు. నేను తుపాకీ గాల్లో పేల్చి తరిమితే వాళ్లు నన్ను చూసి ఛీ కొట్టారు. "ముసలాడికి బుద్ధుందా, భయపెడుతున్నాడు" అన్నారు. ఎలుగు పొదల దాకా పోయి వెనక్కి తిరిగి చూసింది. నన్ను కాదు, బన్నుల సంచిని.

ఇది మొదటిసారి కాదని నరితా ఒప్పుకున్నాడు. నెల రోజులుగా జరుగుతోంది. వాడే బన్నులు తెప్పించి పెడుతున్నాడు.

నా భయం చెప్తాను విను. ఈ ఏడు కొండ మీద ఎలుగులు తినే బునా చెట్లకి ఒక్క కాయ లేదు. నాలుగు కొండలు తిరిగి చూశాను. కాయలు లేని ఏడు ఎలుగులు మామూలుగానే ఊళ్లమీద పడతాయి. వీడికి ఊరంటే భయం కూడా పోయింది. చేతులెత్తిన మనిషంటే తిండి అని నేర్చుకున్నాడు. మనిషి ప్రాణం కాపాడుకోడానికి ఉన్న ఉపాయం అదొక్కటే, అది తిరగబడిపోయింది. రేపు ఎవరో ఒకరు ఖాళీ చేతులు ఎత్తుతారు.

ఆటలోంచి అది తీసేయమని మీ పెద్దాయనకి చెప్పు. వెంటనే. నేను నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు, ఇది అడుగుతున్నాను.

తోకుజి


ఫుకుఓకా,
సెప్టెంబరు 12

మామయ్యా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. కుజే గారితో మాట్లాడాను. ఆయన చాలా బాధపడ్డారు. అక్టోబరులో ఆటలో పంటల పండుగ పెట్టాం, అది అయ్యేదాకా ఏదీ మార్చడం కుదరదట. అయ్యాక తప్పకుండా చూద్దామన్నారు. ఈలోగా "అడవి జంతువుల దగ్గరికి వెళ్లకండి" అని మొదటి తెర మీద వేయించాను. అందరూ చూస్తారు.

ఇక్కడ ఇంకా ఎండలు మండుతున్నాయి. కొత్త ఫ్లాటుకి మారాను. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. ఈ శీతాకాలం అత్తయ్యని తీసుకుని రా. ఇక్కడి చేపల అంగడి చూపిస్తాను. అత్తయ్యకి మోకాలు నొప్పి తగ్గిందా? నరితా గారితో నువ్వు కాస్త గట్టిగా మాట్లాడితే బాగుంటుందేమో. ఊళ్లో అందరూ నీ మాట వింటారు కదా. టౌను ఆఫీసులో ఒక బోర్డు పెట్టమని అడిగావా?

రిత్సుకో


నెమురిసావ,
అక్టోబరు 19

రిత్సుకోకు,

బోర్డు పెట్టారు. వచ్చినవాళ్లు బోర్డు పక్కన చేతులెత్తి ఫోటోలు దిగుతున్నారు.

పోయినవారం నుంచి వాన పడి బస్సులు రావడం లేదు. వాళ్లు రాకపోయినా వాడు వస్తున్నాడు. సోమవారం రేవులో కూర్చున్నాడు. బుధవారం బడి ఆవరణలో కూర్చున్న గుర్తు, మట్టిలో రెండు కాళ్లూ చాపిన అచ్చు. ఈ పొద్దున మా కోళ్ల గూటి దగ్గర గోళ్ల గీతలున్నాయి. పక్కింటి మిత్సు గారి కుక్క రెండు రోజులుగా కనిపించడం లేదు.

ముల్లంగి పీకే రోజులు. వంద వరసలు కట్టి పొగకి వేలాడదీయాలి. ఈ ఏడు మానేయమన్నాను. "నీ ఎలుగుకి జడిసి ఊరగాయ మానేస్తారటయ్యా, నవ్విపోతారు" అంది అత్తయ్య. నేను తోడు ఉండగానే కట్టుకోమన్నాను. సరేనంది. నా మాట ఏనాడు విందని.

పండుగ ఎప్పుడు అయిపోతుంది? తారీకు రాయి.

తోకుజి


టౌను ఆసుపత్రి,
నవంబరు 5

రిత్సుకో,

మీ అత్తయ్య బతికింది. ముందు అది రాస్తున్నాను.

మొన్న మూడో తారీకు, మధ్యాహ్నం. టౌను ఆఫీసు వాళ్లు పిలిస్తే వెళ్లాను, గంటన్నర. ఆవిడ పెరట్లో పొగ గుడిసె ముందు ముల్లంగి కడుతోంది. దండెం ఎత్తు నీకు తెలుసు, రెండు చేతులూ పైకెత్తితే గానీ అందదు. వీపు కొండవైపు ఉంది.

వెనక టకటక వినిపించి తిరిగి చూసిందట. ఐదడుగుల దూరంలో కూర్చుని ఉన్నాడట, నోరు తెరుచుకుని. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. దించితే మీదపడతాడేమోనని దించలేదట. వాడు కాసేపు చూశాడు. లేచి దగ్గరికొచ్చి ఆవిడ చేతులు వాసన చూశాడు. ఏమీ లేవు. అప్పుడు కొట్టాడు.

కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. కుడి కన్ను ఉంటుందో పోతుందో ఇంకా చెప్పడం లేదు. తెలివి వచ్చాక మొదట అడిగిన మాట, "ముల్లంగి మంచులో వదిలేశారా?" అని.

నాకు ఏడవడం చేతకాలేదు. వరండాలో నిలబడి గోడని తన్నాను. నర్సు తిట్టింది.

తోకుజి


ఫుకుఓకా,
నవంబరు 9

మామయ్యా,

నీకు ఫోను చేయాలని పదిసార్లు తీసి పెట్టేశాను. ముఖం చెల్లదు.

కుజే గారిని నేను అడగలేదు.

సెప్టెంబరులో రాసినదంతా అబద్ధం. ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను, ఆయన తలెత్తి, "ఏమ్మా, పండుగకి మోకుబే కొత్త బొమ్మలు ఎంతవరకు వచ్చాయి?" అన్నారు. సగం అయ్యాయి అని చెప్పి వచ్చేశాను. నా జీవితంలో మొదటిసారి నా బొమ్మని అందరూ నెత్తిన పెట్టుకున్నారు. అది పోతుందని భయపడ్డాను. అంతే. వేరే కారణం లేదు. ఆ హెచ్చరిక ఒక్కటే నిజం, అదీ చిన్న అక్షరాల్లో. రేవులో ఎలుగు కూర్చున్న వీడియో ఆగస్టులోనే నేను చూశాను. నీ ఉత్తరం రాకముందే. చూసి ఏమనుకున్నానో తెలుసా? నా బొమ్మ ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను.

నిన్న నీ ఉత్తరం కుజే గారికి చదివి వినిపించాను. సాయంత్రానికల్లా ఆ చేతులెత్తడం తీసేశారు. నాలుగు గంటల పని మామయ్యా. ఆగస్టులోనూ నాలుగు గంటల పనే.

నేను వస్తాను. అత్తయ్య నన్ను చూడనంటే గడప బయట కూర్చుంటాను. ఒక్కటే అడుగుతాను, అడిగే హక్కు లేదు, అయినా అడుగుతాను. వాణ్ణి చంపకుండా దూరం కొండల్లో వదిలిపెట్టే దారి లేదా? వాడికి నేర్పింది వాడు చేశాడు. తప్పు నాది.

రిత్సుకో


నెమురిసావ,
నవంబరు 22

రిత్సుకోకు,

నీ ఉత్తరం వచ్చేసరికే అయిపోయింది. ముందే వచ్చినా అదే చేసేవాణ్ణి.

నాలుగో తారీకునే టౌను ఆఫీసు అనుమతి ఇచ్చింది. ఏడున నలుగురం దిగాం. వెతకవలసిన పని లేకపోయింది. పట్టపగలు రేవులో ఉన్నాడు. నేను తుపాకీ ఎత్తాను. చేతులు పైకి లేవడం చూసి వాడు కూర్చున్నాడు.

నలభై నాలుగేళ్లలో మీదికొచ్చినవాటిని కాల్చాను. పారిపోయేవాటిని కాల్చాను. నన్ను నమ్మి కూర్చున్నవాణ్ణి కాల్చడం ఇదే మొదలు, ఇదే ఆఖరు. తుపాకీ లైసెన్సు తిరిగిచ్చేశాను. సుకేజో వెనక నిలబడి ఏడ్చాడు. వాడు తలకి చుట్టుకున్న తువాలు నువ్వు పంపిందే.

నువ్వు అబద్ధం ఆడావని నాకు సెప్టెంబరులోనే తెలుసు. నీ ఉత్తరంలో సముద్రం ముచ్చట ఎక్కువైంది. తెలిసీ నేను నీకు ఫోను చేసి గద్దించలేదు. మేనకోడలి ముచ్చట చెడగొట్టడం ఎందుకులే అని నేనూ ఊరుకున్నాను. నన్ను నేను క్షమించుకోలేదు. నిన్ను క్షమించానో లేదో ఇంకా తెలియదు. అత్తయ్య మాత్రం రమ్మంటోంది. ఒంటిచేత్తో ముల్లంగి కట్టడం కుదరదట, మనిషి సాయం కావాలట. రా.

ఈ ఉత్తరంతోపాటు చల్లపెట్టెలో ఒక పొట్లం వస్తుంది. మా గుంపులో మాంసం పంపకం ఎలా ఉంటుందో నీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటాను. గుండు పేల్చినవాడికీ, కేకలు వేసి కిందికి తరిమినవాడికీ, గుడిసెలో అన్నం వండినవాడికీ ఒకటే వంతు. వేటలో చెయ్యి ఉన్నవాళ్లందరికీ సమానం. కొండదేవత ముందు ఎవరూ తప్పించుకోకూడదు, ఎవరూ ఎక్కువ తీసుకోకూడదు.

కోశాక నేను గుంపుని అడిగాను. వీణ్ణి కొండ దింపి రేవుదాకా తెచ్చింది ఎవరు? మనం తరమలేదు కదా అన్నాను. నలుగురికి నాలుగు వంతులు వేసి, ఐదోది నీకు వేశాం.

పారేయకు. మేమంతా తిన్నాం. అత్తయ్యా తిన్నది. ముల్లంగి ముక్కలూ మిసో ముద్దా వేసి, సన్నసెగ మీద మూడు గంటలు ఉడికించాలి, లేకపోతే నమలలేవు.

తోకుజి